గొట్టంలో మిగిలిపోయిన రాగి

సింగ్‌భూమ్ నేల కడుపులో రెండు లోహాలు ఇరుగుపొరుగుగా పుట్టాయి: ఒకటి ఇనుము, రెండవది రాగి. టాటానగర్ రైల్వేస్టేషనుకు దక్షిణపు వైపున ఉన్న పర్సుడీహ్ ఆ రెండింటికీ సమీపంలోని ఊరు. స్టేషనుకు ఆవల ఉత్తరదిశలో, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మెను పోసిన టాటా కర్మాగారం. తూర్పుగా ఖరగ్‌పూర్ వైపు సాగే రైలుమార్గం మీద కొద్దిపాటి ప్రయాణంలోనే రాఖా మైన్స్, ఘాట్‌శిలా స్టేషన్లు. ఆ పరిసరాలలోనే ముసాబనీ రాగి గనులు, మౌభండార్ కొలిమి. అక్కడ రాగిని తీసిన ఇండియన్ కాపర్ కార్పొరేషన్ 1972లో జాతీయమై హిందుస్తాన్ కాపర్ సంస్థలో కలిసింది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఉక్కు కొలువులకూ రైల్వే కొలువులకూ వలస వచ్చి ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ రెండు లోహాల పేర్లనూ తరాలుగా వింటూనే ఉన్నాయి.

నేలలో ఏనాడూ కలహించని ఇనుము, రాగి రైఫిలు గొట్టంలో కలుసుకున్నప్పుడు మాత్రం పేచీ మొదలవుతుంది. గొట్టం ఉక్కుతో చేసినది. దానిలోనుంచి దూసుకుపోయే సీసపు గుండుకు పైతొడుగు రాగితోనో, రాగి ప్రధానమైన మిశ్రలోహంతోనో చేసినది. గుండు పోతుంది, రాగి కొంత మిగిలిపోతుంది. ఒక్కొక్క గుండు విడిచిపోయేది కంటికి ఆనని పలుచని పూత మాత్రమే. కాని వందల గుండ్లు పోయిన తరువాత ఆ పూత గురిని చెడగొడుతుంది, తన అడుగున తేమను దాచుకుని ఉక్కును తినివేయిస్తుంది. దానిని వదిలించబోయిన మనిషి తొందరపడితే గొట్టానికి అంతకంటె పెద్ద హాని చేస్తాడు.

ఆ పూత ఎలా పడుతుందో తెలియాలంటే గొట్టం లోపల ఏం జరుగుతుందో చూడాలి. మన పోలీసు ఠాణాలలో తరతరాల పాటు కనిపించిన త్రీనాట్‌త్రీ రైఫిలునే తీసుకుందాం. దాని గొట్టం లోపలి గోడ మీద మెలిక తిరుగుతూ పోయే అయిదు గాడులుంటాయి. గాడికీ గాడికీ నడుమ గట్టు ఉంటుంది. ఆ గట్లు గుండు తొడుగును గట్టిగా కరచి పట్టి, ప్రతి 10 అంగుళాలకు ఒక చుట్టు చొప్పున దానిని తిప్పుతాయి. గుండు గొట్టపు మూతి దాటే వేళకు దాని వేగం సెకనుకు సుమారు 740 మీటర్లు. లెక్క కడితే అది సెకనుకు 2,900 చుట్లకు పైగా గిరగిర తిరుగుతూ బయటికి వస్తుందన్నమాట. గొట్టం లోపల అది గడిపే కాలం సెకనులో వెయ్యవ వంతుకు అటూ ఇటూ మాత్రమే. ఆ స్వల్పకాలంలోనే వెనుక నుంచి వేల డిగ్రీల మంట తరుముతుంది. ముందు నుంచి ఉక్కు గట్లు గీరుతాయి. మెత్తని రాగి ఆ ఒరిపిడికి తాళలేక ఉక్కు మీది సన్నని గీతలలో, పగుళ్ళలో చిక్కుకుపోతుంది. ఒకసారి రాగి అంటిన చోట మరుసటి గుండు మరింత రాగిని విడుస్తుంది. పనివాడు నునుపుగా తొలిచిన గొట్టంలో ఇది నెమ్మదిగా జరుగుతుంది. గరుకుగా తొలిచిన గొట్టంలో పదీ పదిహేను గుండ్లకే రాగిరంగు తేలుతుంది.

అయితే గొట్టంలో మిగిలే మురికి అంతా రాగి కాదు. దీని చరిత్ర రాగి కంటె పాతది. మన దేశంలో అది రక్తంతో రాసిన చరిత్ర కూడా.

నోటి నుంచి మందు పోసి, గుండు దించి, కడ్డీతో దట్టించి కాల్చే పాతకాలపు తుపాకులలో వాడినది నల్లని తుపాకిమందు. అందులో నూటికి సుమారు 75 పాళ్ళు సురేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం. ఆ సురేకారం కోసమే ఈస్టిండియా కంపెనీ బీహారు మీద కన్ను వేసింది. పట్నా నుంచి అది ఓడల కొద్దీ యూరపుకు తరలిపోయింది. ఈ మందు కాలితే సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. ఆ మిగిలినదానిలో పొటాషియం లవణాలు, గంధకపు సమ్మేళనాలు, కాలని బొగ్గు ఉంటాయి. కొంత పొగగా పోగా, తక్కినది గొట్టం గోడలకు పట్టి గట్టిపడుతుంది. నాలుగైదు సార్లు కాల్చేసరికి గొట్టం ఇరుకై, గుండును కిందికి దించడమే కష్టమవుతుంది. యుద్ధరంగంలో సిపాయికి అది ప్రాణసంకటం.

1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిలుకు ఈ చిక్కు మరీ ముఖ్యమైనది. దాని గొట్టం లోపలి వ్యాసం 0.577 అంగుళం. మెలిక గాడులున్న గొట్టంలోకి బిగువైన గుండును దించడం అసాధ్యం కనుక, గుండును పావు మిల్లీమీటరు దాకా సన్నగా చేసి, మందు పేలినప్పుడు దాని పిరుదుభాగం వ్యాకోచించి గాడులను పట్టుకునేటట్టు రూపొందించారు. గుండు చుట్టూ ఉన్న కాగితానికి కొవ్వు పూశారు. 1857 గురించి చదివిన ప్రతి విద్యార్థికీ ఆవుకొవ్వు, పందికొవ్వు పూసిన తూటాల కథ కంఠస్థమే. అసలు కొవ్వు పూయవలసిన అవసరం ఎందుకు వచ్చిందన్న సంగతి మాత్రం పాఠ్యపుస్తకాలు సాధారణంగా పట్టించుకోవు. జవాబు ఈ మురికిలోనే ఉంది. కొవ్వు గుండును సులువుగా జారనిస్తుంది. అంతకుమించి, గొట్టంలోని మసి గట్టిపడకుండా మెత్తగా ఉంచి మరుసటి గుండుకు దారి ఇస్తుంది.

ఆ ఏడు జనవరిలో డమ్‌డమ్ శిక్షణ కేంద్రంలో మొదలైన అనుమానం దావానలమైంది. సిపాయిలు తమకు సమ్మతమైన పదార్థాన్ని తామే పూసుకోవచ్చునని ప్రభుత్వం ఆ నెలాఖరులోనే అనుమతించింది. పళ్ళతో కొరకనక్కరలేదు, చేత్తో చింపవచ్చునని తరువాత కవాతు పద్ధతినే మార్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే, మే 10న మీరట్. సెప్టెంబరులో ఆ సెగ సింగ్‌భూమ్‌ను కూడా తాకింది: చాయిబాసాలో ఉన్న రామ్‌గఢ్ బెటాలియన్ సిపాయిలు తిరగబడ్డారు, పోడాహాట్ రాజా అర్జున్ సింగ్ వారికి ఆశ్రయమిచ్చాడు. ఒక మహా విప్లవానికి కారణాలు అనేకం ఉంటాయి. వాటన్నిటినీ తుపాకి మసికి అంటగట్టడం అమాయకత్వం. కాని నిప్పురవ్వగా పనికివచ్చిన ఆ కొవ్వు, గొట్టం శుభ్రంగా ఉండదన్న ఒక సాంకేతిక సమస్యకు ఇంజనీర్లు కనిపెట్టిన పరిష్కారమే.

విచిత్రమేమంటే, అంత గొడవకు మూలమైన ఆ మసిని వదిలించడానికి కావలసింది నీళ్ళు. అందులోని లవణాలు నీటిలో ఇట్టే కరుగుతాయి. మరిగిన నీళ్ళయితే మరీ మంచిది. గొట్టాన్ని వేడెక్కించి, చెమ్మ తనంతట తానే ఆరిపోయేటట్టు చేస్తాయి. తరువాత పలుచగా నూనె పూస్తే చాలు. కడగకుండా ఒక్క రాత్రి వదిలివేస్తే ఆ లవణాలు గాలిలోని తేమను పీల్చుకుని తెల్లవారేసరికి తుప్పు పట్టిస్తాయి.

పందొమ్మిదో శతాబ్ది చివరి పాతికేళ్ళు ఈ లెక్కలన్నిటినీ తారుమారు చేశాయి. 1884లో ఫ్రెంచి రసాయనవేత్త పాల్ వియేయ్ పొగరాని మందును తయారు చేశాడు. రెండేళ్ళకే ఫ్రాన్సు దానితో కాల్చే లెబెల్ రైఫిలును సైన్యానికిచ్చింది. మసి తగ్గింది, వేగం పెరిగింది. కాని వట్టి సీసపు గుండు ఆ వేగానికీ ఆ వేడికీ ఆగలేకపోయింది. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది; గాడులలో నిలువక ఒలిచినట్టు జారిపోతుంది. 1880 దశకం ఆరంభంలోనే స్విట్జర్లాండుకు చెందిన ఎడువార్డ్ రూబిన్ సీసపు గుండుకు రాగి తొడుగు వేయడం ఆరంభించాడు. రాగి కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి. అంతటి వేగంలోనూ అది గాడులను పట్టి నిలుస్తుంది. సీసమూ రాగీ ఒకే గుండులో కలిసి పయనించడం తెలుగువారికి వింత కాదు. పూర్వపు గుంటూరు జిల్లా అగ్నిగుండాల ప్రాంతంలో బండలమోటు కొండలో సీసం, పక్కనున్న నల్లకొండలో రాగి కనుగొన్నారు.

బ్రిటిష్‌వారు తమ త్రీనాట్‌త్రీ గుండుకు వట్టి రాగి కాక, నికెలు కలిపిన రాగితో తొడుగు చేశారు. నూటికి 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు నికెలు. చూడటానికి వెండిలా మెరిసే ఆ తొడుగే తరువాతి తలనొప్పికి మూలం. హుగ్లీ తీరాన ఇషాపూర్‌లో, పద్దెనిమిదో శతాబ్ది చివర తుపాకిమందు తయారు చేసిన చోటనే, 1904లో రైఫిలు కర్మాగారం వెలసింది. అక్కడ తయారైన రైఫిళ్ళు భారత సిపాయిల భుజాన ప్రపంచ యుద్ధాలకు వెళ్ళాయి. గొట్టపు మూతికి సమీపంలో నికెలు, రాగి కలిసి గడ్డలు గడ్డలుగా పేరుకోవడం ఆ కాలపు సైన్యాలన్నిటికీ అనుభవమైన బాధ. ఆ గడ్డను బ్రష్షు వదిలించలేదు, నూనె కరిగించలేదు.

దానికి కనిపెట్టిన మందు ఘాటైన అమోనియా ద్రావణం. గాఢమైన అమోనియాలో అమోనియం పర్‌సల్ఫేటు, అమోనియం కార్బొనేటు కలిపేవారు. గొట్టం వెనుక భాగాన్ని బిరడాతో బిగించి, మూతికి రబ్బరు గొట్టం తొడిగి, ద్రావణాన్ని పైదాకా నింపి అరగంట వరకు ఉంచేవారు. పారబోసినప్పుడు అది నీలిరంగులో వచ్చేది. ఈ పని చేసే మనిషికి గడియారం మీదనే దృష్టి ఉండాలి. ద్రావణం ఉక్కు మీద ఆరిపోయినా, ఒక బొట్టు ఎక్కడైనా మరచిపోయినా, అక్కడ ఉక్కు మీద గుంటలు పడతాయి. గురికి ఉపకారం చేయబోయి గొట్టాన్నే పోగొట్టుకున్నవారు ఆ రోజులలో ఎందరో.

అమెరికాలో మరొక దారి వెదికారు. గుండ్లను గ్రీజులో ముంచి కాల్చారు. అది పీడనాన్ని ప్రమాదకరంగా పెంచింది. 1921 జాతీయ పోటీలకు తగరపు పూత పూసిన గుండ్లు ఇచ్చారు. మడ్డి పట్టడం తగ్గింది గాని, తగరం తూటా మెడకు అతుక్కుపోయి మరొక ముప్పు తెచ్చింది. చివరికి సుళువైన ఉపాయమే నిలిచింది. నికెలును విడిచిపెట్టి, రాగిలో అయిదు నుంచి పది పాళ్ళు జింకు కలిపి తొడుగు చేశారు. ఆ మిశ్రలోహమూ గొట్టంలో మిగులుతుంది గాని గడ్డ కట్టదు. పలుచని పూతగా పడుతుంది, సాత్వికమైన మందులకే లొంగుతుంది. ఈనాటికీ చాలా గుండ్లకు తొడుగు అదే.

ఫ్రెంచి ఫిరంగి దళం కనుగొన్న చిట్కా మరింత ముచ్చటైనది. ఫిరంగి గుండు నడుముకు రాగి పట్టీ ఉంటుంది. అదే ఫిరంగి గొట్టానికి రాగి పూస్తుంది. మందు సంచిలో కొద్దిగా తగరపు రేకునో సీసపు రేకునో ఉంచితే, అది మంటలో ఆవిరై గొట్టంలోని రాగితో కలుస్తుంది. అలా ఏర్పడిన పెళుసైన మిశ్రమాన్ని తరువాతి గుండు ఊడ్చుకుపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలం నుంచి ఈ పద్ధతి వాడుకలో ఉంది. ఇటీవలి రైఫిలు మందులు కొన్నింటిలో కూడా తగరం, బిస్మత్ సమ్మేళనాలను ఈ ఉద్దేశంతోనే కలుపుతున్నారు. వీధిలో కూర్చుని ఇత్తడి గిన్నెలకు కళాయి పోసిన మనిషికి ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోయేవాడు కాదు. తగరం రాగిని ఎంత ఆత్రంగా పట్టుకుంటుందో అతడికి తెలిసినంతగా మరెవరికి తెలుసు?

అతడి జోలెలో మరొక వస్తువు కూడా ఉండేది: నవాసాగరం. కాలుతున్న గిన్నె మీద అది చల్లి దూదితో రుద్దితే ఘాటైన తెల్లని పొగ లేచి రాగి నిగనిగలాడేది. నవాసాగరం అమోనియా లవణమే. గొట్టానికి వాడే ద్రావణంలోనూ పని చేసేది ఆ కుటుంబమే, దారి మాత్రం వేరు. గాలిలోని ప్రాణవాయువు రాగిని కొద్దికొద్దిగా ఆక్సీకరిస్తుంది. అమోనియా వెంటనే దానిని చుట్టుముట్టి నీటిలో కరిగే ముదురు నీలపు పదార్థంగా మార్చి లాగుకుపోతుంది. ఇనుముతో అమోనియాకు ఆ చెలిమి లేదు. అందుకే రాగి పోయినా ఉక్కు నిలుస్తుంది. కాలపరిమితి దాటనంత వరకే ఈ మాట.

రాగి చెంబును చింతపండుతో తోమినట్టు గొట్టాన్ని కూడా తోమరాదా అని ఏ గృహిణి అయినా అడిగితే, ఆ ప్రశ్న తెలివైనదే. చింతపండులోని పులుపు రాగి మీది చిలుమును, నల్లని పొరను కరిగిస్తుంది. అడుగున ఉన్న మెరిసే రాగిని అంతగా ముట్టుకోదు. చెంబు విషయంలో మనకు కావలసింది అదే. గొట్టంలో కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం: రాగి పోవాలి, దాని వెనుక ఉన్న ఉక్కు మిగలాలి. పులుపు రాగిని వదిలిపెట్టి ఉక్కును పట్టుకుంటుంది.

అమోనియా, రాగి కలిస్తే జరిగే అనర్థానికి మన దేశమే పాఠశాల. బ్రిటిష్ హయాంలో వర్షాకాలంలో నిలువ ఉంచిన ఇత్తడి తూటాలు కారణం తెలియకుండా చీలిపోయేవి. వానాకాలం వస్తే వచ్చే జబ్బు గనుక దానికి ‘ఋతువు పగుళ్ళు’ అన్న అర్థంలో పేరు పెట్టారు. 1921లో మూర్, బెకిన్‌సేల్ అనే శాస్త్రవేత్తలు రహస్యం విప్పారు. తూటాలున్నది గుర్రపుశాలల సమీపంలో. గుర్రాల మూత్రం నుంచి వెలువడిన అమోనియా, తేమగాలితో కలిసి, తయారీలో బిగువు మిగిలిపోయిన ఇత్తడిని లోలోపల చీల్చింది. ఈనాటికీ గొట్టం శుభ్రం చేసే బల్ల మీద తూటాలు ఉంచరాదనడానికి ఇది రెండవ కారణం. మొదటి కారణం ఎవరికైనా తోచేదే.

ఉప్పు గొడవ మరొకటి ఉంది. త్రీనాట్‌త్రీ తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమరులో చాలా కాలం పొటాషియం క్లోరేటు వాడారు. అది పేలి, వంటింటి ఉప్పుకు చుట్టమైన పొటాషియం క్లోరైడుగా గొట్టంలో పరుచుకుంటుంది. వానాకాలంలో ఉప్పుజాడీ ఎలా చెమ్మగిల్లుతుందో గొట్టమూ అలా చెమ్మగిల్లుతుంది. ఈ నేరాన్ని చాలాకాలం పొగరాని మందు మీద మోపారు. 1920 దశకం ఆరంభంలో అమెరికా గనుల శాఖలో పరిశోధించిన విల్బర్ట్ హఫ్ అసలు దోషి ఉప్పేనని తేల్చాడు. నూనెలో ఉప్పు కరగదు. రాగి మందుకు లొంగకపోవచ్చు. దానికి విరుగుడు మళ్ళీ ఆ పాత వేడినీళ్ళే. సిపాయికి గరాటా ఇచ్చి, గొట్టంలో మరిగే నీళ్ళు పోయించిన పాత సైనికాధికారులకు రసాయనం తెలియకపోయినా అనుభవం తప్పలేదు. రాగి పొర కింద ఈ ఉప్పు చిక్కుకుంటే నీళ్ళకు కూడా అందదు. పైకి శుభ్రంగా కనిపించే గొట్టం లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది.

మురికి ఏదో తెలియకుండా మందు వేయరాదన్నది కనుక మొదటి నియమం. మసికి నీళ్ళు లేదా మసిని కరిగించే ద్రావణం, ఉప్పుకు వేడినీళ్ళు, రాగికి అమోనియా. వరుస కూడా ముఖ్యమే. రాగి మీద మసి, మసి మీద మళ్ళీ రాగి పొరలు పొరలుగా పేరుకుని ఉంటాయి కనుక మసి పోనిదే అమోనియా రాగిని తాకలేదు.

పని మొదలు పెట్టేముందు తుపాకి ఖాళీగా ఉన్నదని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. రైఫిలయితే బోల్టు తీసివేసి, గొట్టం మూతి కొద్దిగా కిందికి వాలేటట్టు అమర్చుతారు; ద్రావణం వెనుకకు పారి కర్రభాగంలోకి దిగకూడదు. కడ్డీని వెనుక నుంచే, గొట్టానికి నట్టనడుమగా నడిపే తొడుగు సాయంతో తోస్తారు. మూతి దగ్గరి అంచు రైఫిలుకు ప్రాణం. గుండు ఆఖరుసారి స్పర్శించేది దానినే. ఒరుసుకునే కడ్డీ ఆ అంచును ఒక పక్క అరగదీస్తే, గుండు బయటపడే క్షణంలో వాయువు ఒక పక్కకు తన్ని గుండును వంకర పోనిస్తుంది. కాల్చి అరగదీసిన గొట్టాల కంటె తోమి అరగదీసిన గొట్టాలే ఎక్కువని పాత షూటర్లు అంటారు. లెక్కలు ఎవరు తీశారో గాని, మాటలో నిజం లేకపోలేదు.

మసి వదిలాక గొట్టాన్ని పొడిగుడ్డతో ఆరబెట్టి, రాగి మందులో తడిపిన గుడ్డముక్కను ఒకసారి పోనిచ్చి, సీసా మీద రాసినంత సేపు ఆగాలి. సాధారణంగా అది నిమిషాల లెక్క, రాత్రంతా కాదు. తరువాత పోనిచ్చిన తెల్లగుడ్డ నీలంగానో ఆకుపచ్చగానో వస్తుంది. ఆ రంగు మనకు మిత్రుడు: ఎంత రాగి మిగిలిందో చెప్పే లెక్క అది. మళ్ళీ తడిపి, మళ్ళీ ఆగి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఇదే వరుస. ఈ దశలో కంచు తీగల బ్రష్షు వాడినవారు మోసపోతారు. మందు ఆ బ్రష్షునే కరిగించి గుడ్డను నీలం చేస్తుంది; గొట్టం శుభ్రమైపోయినా మనిషి తోముతూనే ఉంటాడు. నైలాను బ్రష్షుకు ఈ దోషం లేదు. కడ్డీ కొనకు బిగించే ఇత్తడి ముక్క కూడా ఇదే అబద్ధం చెబుతుంది.

గుడ్డ తెల్లబడినా, గొట్టపు మూతిని వెలుతురుకు పట్టి గట్ల మీద చూడటం మంచిది. రాగి పూత ఉంటే ఎర్రని సన్నగీతలు మెరుస్తాయి. మొండి పూతకు విద్యుత్ పద్ధతి ఒకటి ఉంది. గొట్టం నిండా ద్రావణం పోసి, గోడలకు తగలకుండా నడుమ ఒక ఉక్కు కడ్డీ నిలిపి, అతి తక్కువ ఓల్టుల విద్యుత్తు పంపితే రాగి గోడను విడిచి కడ్డీకి పట్టుకుంటుంది. మౌభండార్ వంటి చోట్ల రాగిని శుద్ధి చేయడానికి వాడిన సూత్రమే ఇది, చిన్న కొలతలో. రాపిడి పొడి కలిపిన ముద్దలు త్వరగా పని చేస్తాయి గాని, రాగికీ ఉక్కుకూ భేదం ఎరుగవు. వాటిని ఆఖరి ఉపాయంగానే ఉంచుకోవాలి.

అమోనియా ఆవిరి కళ్ళకూ ఊపిరితిత్తులకూ శత్రువు. కిటికీలు తెరిచి, చేతితొడుగులు వేసుకుని ఈ పని చేయాలి. బట్టల మరకలు వదిలించే బ్లీచింగు ద్రావణం దాని దరిదాపులలో ఉండకూడదు. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. సీసపు మసి అంటిన చేతులతో అన్నం తినడం, ఆ గుడ్డలను పిల్లలకు అందే చోట పారవేయడం కూడదు. మందు పని పూర్తయ్యాక దానిని పూర్తిగా తుడిచివేసి, పొడి గుడ్డతో ఆరబెట్టి, పలుచగా నూనె పూయాలి.

రాగిని మొత్తంగా వదిలించాలా, కొంత ఉంచాలా అన్న విషయంలో షూటర్ల మధ్య ఏకాభిప్రాయం లేదు. అతి శుభ్రమైన గొట్టం నుంచి వెళ్ళే మొదటి రెండు మూడు గుండ్లు తరువాతి గుండ్లతో కలవవు. ఉక్కు మీది సన్నగీతలు రాగితో కొద్దిగా పూడిన తరువాతనే గురి స్థిరపడుతుంది. అందుచేత కొందరు గురి చెదరడం మొదలయ్యే దాకా రాగి జోలికే పోరు. ఇందులో న్యాయముంది. ఉప్పులేని కొత్త ప్రైమర్లు వాడే మనిషికి అది సరిపడే పద్ధతి. పాత సైనిక తూటాలు కాల్చేవాడికి మాత్రం కాదు. చాలా యుద్ధ రైఫిళ్ళ గొట్టాలకు లోపల క్రోమియం పూత వేస్తారు. దానికి రాగి తక్కువ అంటుతుంది, తుప్పూ తక్కువ.

రాగి బెడద అసలే లేని షూటర్లూ ఉన్నారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదు వాసి గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిలులో మందు లేదు, రాగి లేదు. గాలి తోసే మెత్తని సీసపు పెల్లెట్టు మాత్రమే. అక్కడి గొట్టంలో అమోనియాతో పని లేదు.

నోటి నుంచి దట్టించే తుపాకి సంగతీ దాదాపు అంతే. సీసపు గుండు వాడినంత కాలం దానిలో రాగి చేరదు. అలాంటి గొట్టానికి అమోనియా పట్టించడం, లేని రోగానికి మందు తాగించడమే. ఆధునిక మజిల్ లోడర్లలో రాగి తొడుగు గుండ్లను ప్లాస్టిక్ కప్పులో పెట్టి కాల్చేవారున్నారు. అప్పుడు గోడకు అంటేది ఎక్కువగా ప్లాస్టిక్కే. రాగి గుండునే నేరుగా గొట్టానికి సరిపడా దించి కాల్చినవారికే రాగి మందు అవసరం. అది కూడా మసినంతా వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టిన తరువాతనే.

ఈ తుపాకులను చాలావాటిలో మూతి నుంచే శుభ్రం చేయవలసి ఉంటుంది. కడ్డీ అంచును ఒరయకుండా మూతికి ఒక బిళ్ళ అమర్చుకోవాలి. అన్నిటికంటె ముందు, లోపల మందూ గుండూ ఉన్నాయో లేవో తెలుసుకోవాలి. బయటికి చూస్తే తెలిసే తుపాకి కాదు ఇది. కడ్డీని లోపలికి జారవిడిచి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూస్తారు. కడ్డీ కొన గొట్టం అడుగుదాకా చేరకపోతే లోపల ఏదో ఉన్నట్టే. ఏళ్ళ తరబడి అటకమీద పడి ఉన్న తాతల నాటి తుపాకిలో, మరచిపోయిన మందు ఈనాటికీ పేలగలదు.

నూనె పూసి దాచిన గొట్టాన్ని వారం, పది రోజుల తరువాత ఒకసారి తెల్లగుడ్డతో తుడిచి చూడటం అలవాటు చేసుకోవాలి. ముఖ్యంగా వానాకాలంలో. గుడ్డ మీద ఎర్రని మరక కనిపిస్తే తుప్పు, ఆకుపచ్చ కనిపిస్తే మిగిలిన రాగి. తిరిగి కాల్చే ముందు గొట్టంలోని నూనెను పొడిగుడ్డతో పూర్తిగా తీసివేయాలి. నూనె నిలిచిన గొట్టం నుంచి మొదటి గుండు గురి తప్పుతుంది. నూనె మరీ ఎక్కువైతే పీడనం పెరిగి గొట్టానికీ, దాని వెనుక చెంప ఆనించిన మనిషికీ ముప్పు తెస్తుంది.